మేడ మీద మంచు ఆట: ఏది ఇంట్లో, ఏది వద్దు?

మా వీధి చివర ఉండే మాస్టారు గారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పోయిన మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే గేటు దగ్గర కనిపించారు. చేతిలో కొలతల టేపు, రూళ్ల కాగితం మీద గీసిన గది ప్లాను. బీపీ చూపించుకోవడానికి వచ్చారేమో అనుకున్నాను.

"బీపీ బాగానే ఉంది డాక్టరు గారూ. డెన్వర్ నుంచి మనవడొస్తున్నాడు. వాడు అక్కడ మంచు మీద ఏదో గంతులాట ఆడతాడట. ఇక్కడున్న ఆరు వారాలూ ప్రాక్టీసు ఆగకూడదని మావాడు ఫోన్ చేశాడు. మేడ మీద గది ఖాళీ చేయించి ఇవన్నీ పెట్టమన్నాడు. ఒక్కసారి చూసి చెప్పండి" అన్నారు.

కాగితంలో నాలుగు వస్తువులున్నాయి. ఒక ట్రాంపోలిన్. ఒక బ్యాలెన్స్ బోర్డు. నేల నుంచి అరడుగు ఎత్తున బిగించిన పైపు, దాని మీద జారడం నేర్చుకోవడానికట. దూకితే మెత్తగా పడటానికి పాత పరుపులు నాలుగు.

రోహిణి కార్తెలో, బెజవాడలో, మంచు ఆటకు ఏర్పాట్లు! ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆలోచిస్తే ఇది ఒక్క మాస్టారి ఇంటి సంగతి కాదు. కృష్ణా డెల్టాలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు ఎన్నో. వేసవి సెలవులకు వచ్చే మనవళ్లు తమ ఆటలను కూడా పెట్టెల్లో పెట్టుకుని వస్తున్నారు. ఇక్కడి పిల్లల సంగతి చూసినా అంతే. స్కేటింగ్, జిమ్నాస్టిక్స్, డ్యాన్స్ నేర్చుకునే పిల్లలకు ఏప్రిల్, మే ఎండలు ఒక అడ్డు, ఆ తర్వాత వానలు ఇంకో అడ్డు. ఇంట్లోనే ఒక మూల సాధన పెట్టేద్దామని తల్లిదండ్రులకు అనిపించడం సహజం. ఫోన్లో వీడియోలు ఎలాగూ ఉన్నాయి.

నేను ఎముకల డాక్టర్ని కాదు, జనరల్ మెడిసిన్ వాణ్ని. అయినా ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేవాడికి క్యాజువాల్టీ గుమ్మం దాటి వచ్చే దెబ్బలన్నీ కంటపడతాయి. ఆ అనుభవంతో మాస్టారికి ఒక్క గీత గీసి చెప్పాను. తల పైన, కాళ్లు కింద ఉండే సాధన ఇంట్లో చేయనివ్వండి. కాళ్లు పైకి, తల కిందికి వచ్చే సాధన మాత్రం శిక్షకుడు లేనిచోట వద్దే వద్దు.

అసలు ఆ ఆట ఏమిటి?

మంచు వాలు మీద రెండు పొడవాటి పలకలు కాళ్లకు కట్టుకుని జారడం స్కీయింగ్. జారుతూనే గాల్లోకి ఎగిరి, గిరగిరా తిరిగి, పల్టీలు కొట్టి మళ్లీ మంచు మీద వాలడం ఫ్రీస్టైల్ స్కీయింగ్. 1992 శీతకాల ఒలింపిక్స్ నుంచి దీనికి పతకాలున్నాయి. మన దేశంలో స్కీయింగ్ అంటే కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ లాంటి నాలుగు చోట్లే. అమెరికాలోని కొలరాడో, యూటా లాంటి రాష్ట్రాల్లో మాత్రం స్కూలు పిల్లలకు అది మామూలు ఆట.

మంచు లేని నెలల్లో ఆ క్రీడాకారులు ఏం చేస్తారన్నదే మనకు కావలసిన విషయం. యూటాలోని పార్క్ సిటీలో ప్లాస్టిక్ పరిచిన ఎత్తైన వాలు ఉంటుంది. దాని మీద జారి, గాల్లో పల్టీలు కొట్టి, లోతైన నీటి కొలనులో పడతారు. జాకెట్లు, హెల్మెట్లు ఉంటాయి. పక్కనే శిక్షకులుంటారు. అంటే పల్టీ నేర్చుకోవడానికి వాళ్లు కూడా ఇంటి గదిని నమ్ముకోలేదు.

ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా ప్రమాదం పూర్తిగా పోదు. సారా బర్క్ అనే కెనడా క్రీడాకారిణి ఈ ఆటలో ప్రపంచ స్థాయి ఛాంపియన్. 2012 జనవరిలో అదే పార్క్ సిటీలో మంచు మీద సాధన చేస్తూ పడిపోయింది. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగింది. తొమ్మిది రోజుల తర్వాత 29 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె ఒలింపిక్స్‌లో చేర్పించాలని పోరాడిన హాఫ్‌పైప్ విభాగం 2014లో ఆమె లేకుండానే మొదలైంది. పిల్లల్ని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మెడ విషయంలో నైపుణ్యం ఒక్కటే కాపాడదని పెద్దలు గుర్తుంచుకోవడానికి చెబుతున్నాను.

ముందు ఫ్యాను లెక్క చూడండి

లెక్కల మాస్టారు కదా, లెక్కతోనే మొదలుపెట్టాం. మేడ గది ఎత్తు 10 అడుగులు. సీలింగ్ ఫ్యాను రెక్కలు నేల నుంచి 8.5, 9 అడుగుల మధ్య తిరుగుతున్నాయి. పదమూడేళ్ల మనవడి ఎత్తు 5 అడుగులు. చేతులు పైకెత్తితే 6.5. చిన్న ట్రాంపోలిన్ గుడ్డ నేల నుంచి ముప్పావు అడుగు ఎత్తులో ఉంటుంది. దాని మీంచి 2 అడుగులు ఎగరడం పిల్లలకు చాలా తేలిక. మొత్తం కూడితే 9 అడుగులు దాటింది!

మాస్టారు టేపు మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఫ్యాను ఆపేస్తే?" అన్నారు మెల్లగా. ఆపినా ఇనుప రెక్క ఇనుప రెక్కే. పైగా ఆ గదిలో మే నెలలో ఫ్యాను ఆపి ఎవరుంటారు? మంచం మీద గంతులేస్తూ, లేదా ఎత్తుకున్న పెద్దవాళ్లు పైకి ఎగరేయగా, ఫ్యాను రెక్క తగిలి తల పగిలిన పిల్లలను మన దేశంలో డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. ఇంట్లో ఎగిరే ఆట ఏది పెట్టాలన్నా ముందు తల ఎత్తి పైకప్పు చూడండి. తర్వాత చుట్టూ బీరువా మూలలు, కిటికీ ఊచలు, గాజు తలుపులు చూడండి. డాబా మీద పెట్టుకుంటామంటారా? నడుమెత్తు పిట్టగోడ పక్కన ట్రాంపోలిన్ పెట్టడం కంటే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉండదు.

ట్రాంపోలిన్ ఎందుకు వద్దంటున్నాను?

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఇళ్లలో ట్రాంపోలిన్ వాడకం వద్దని 1999లో చెప్పింది. 2012లో మళ్లీ పరిశీలించి, ఇళ్లలో సరదాకు వాడటాన్ని ప్రోత్సహించవద్దనే అంది. కారణాలు మన తల్లిదండ్రులు కూడా తెలుసుకోదగ్గవి. గాయాల్లో దాదాపు 75 శాతం ఒకేసారి ఒకరికంటే ఎక్కువమంది ఎగురుతున్నప్పుడు జరిగినవే. ఆ గుంపులో చిన్నవాళ్లకు గాయమయ్యే అవకాశం బరువైనవాళ్లకంటే 14 రెట్ల దాకా ఎక్కువ.

దీని వెనక ఉన్న సంగతి తేలికే. బరువైన అన్న దిగినప్పుడు గుడ్డ కిందికి సాగి, వెంటనే పైకి తన్నుకొస్తుంది. సరిగ్గా అదే క్షణంలో చెల్లెలు దిగుతుంటే, పైకొచ్చే గుడ్డ ఆ చిన్న కాళ్లను గట్టి నేలలా కొడుతుంది. ఆరేళ్లలోపు పిల్లల్లో మోకాలి కింద ఎముక ఇలాగే విరుగుతుంది. పిల్ల కింద పడదు, ఎక్కడా తగలదు, అయినా కాలు నేల మీద మోపదు. "ఏమీ కాలేదు డాక్టర్ గారూ, ఆడుకుంటూనే ఉంది" అంటారు ఇంట్లోవాళ్లు. ఎక్స్‌రే తీస్తే గీత కనిపిస్తుంది. పైగా పిల్లల ఎముకల చివర ఎదుగుదల ఫలకాలుంటాయి. దెబ్బ అక్కడ తగిలి సరిగా అతకకపోతే ఆ కాలో చెయ్యో పొట్టిగానో వంకరగానో పెరగవచ్చు.

చుట్టూ వల ఉంది కదా అంటారు. కింద పడటం వల్ల అయ్యే గాయాలు మొత్తంలో మూడో వంతు అటూ ఇటూ మాత్రమే. మిగతావి గుడ్డ మీదే జరుగుతాయి. వాటిని వల ఆపలేదు. ఇప్పటికే కొని ఉంటే నాలుగు నియమాలు పెట్టండి. ఒక్కసారికి ఒక్కరే. ఆరేళ్లలోపు వాళ్లు ఎక్కకూడదు. పిల్లిమొగ్గలు పూర్తిగా బంద్. ఎగురుతున్నంతసేపూ ఒక పెద్దమనిషి ఫోను పక్కన పెట్టి చూస్తూ ఉండాలి. ఈ నాలుగూ జరగవనుకుంటే మడిచి అటక మీద పెట్టేయండి.

మెత్తగా ఉంటే మెడ క్షేమమేనా?

మాస్టారి నాలుగు పరుపుల మీదే నాకు ఎక్కువ భయం. పరుపు వేశాం కదా అన్న ధైర్యంతోనే పిల్లలు పల్టీ కొడతారు. మెత్తటి చోట తల దిగబడి ఆగిపోతుంది, ఒంటి బరువంతా వెనక నుంచి మెడ మీదికి వస్తుంది. రెండు పరుపుల మధ్య సందులో కాలు ఇరుక్కుంటే మడమ మెలిక పడుతుంది. కొబ్బరి పీచు పరుపైతే మెత్తదనం కూడా అంతంతమాత్రమే.

మెడ దెబ్బ అంటే నాకు ఇప్పటికీ పీజీ రోజుల్లో చూసిన ఒక కుర్రాడే గుర్తొస్తాడు. పంతొమ్మిదేళ్లు. కాలువ వంతెన మీంచి తలకిందులుగా దూకాడు. అడుగున నీళ్లు అనుకున్నంత లోతు లేవు. వార్డుకు తెచ్చేసరికి మాట బాగానే ఉంది, కళ్లు చూస్తున్నాయి. చేతులు, కాళ్లు కదలడం లేదు. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఒక్క గీత కూడా పడలేదు కదా బాబూ, రక్తం కూడా రాలేదు కదా, మరి ఎందుకు లేవడం లేదు?" అని అడిగింది. మెడపూస జరిగి వెన్నుపాము నలిగితే బయటికి ఏమీ కనిపించదని ఆమెకు ఎలా చెప్పాలో ఆ రోజు నాకు తెలియలేదు.

ఈ మాట ఇక్కడ చెప్పడానికి ఒక కారణం ఉంది. కొలనులోకి దూకే వీడియోలు చూసిన పిల్లలకు మన ఊళ్లో కనిపించే నీళ్లు కాలువ నీళ్లే. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే పోతాయి. వేసవిలో కట్టేసి, సాగుకు మళ్లీ వదులుతారు. నిన్న ఉన్న లోతు ఇవాళ ఉండదు. అడుగున ఒండ్రు ఉందో, రాళ్లున్నాయో, పాత ఇనుము ఉందో పైకి తెలియదు. కాలువలో దూకడం సాధన కాదని పిల్లలకు సెలవుల మొదటి రోజే చెప్పండి.

ఇంటికి తెచ్చుకోదగినది ఏమిటి?

అన్నీ వద్దంటే పిల్లలు ఫోను పట్టుకుని సోఫాలో కూలబడతారు. అది ఇంకో జబ్బు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ కావాలని, వారంలో కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే కదలికలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి గది ఖాళీ చేయించడం మంచి పనే. అందులో ఏం చేయించాలన్నదే ప్రశ్న.

స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలు. దాన్ని కాపాడేవి మూడు. తొడ కండరాల బలం, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం, దూకి సరిగ్గా వాలడం. మూడింటికీ ట్రాంపోలిన్ అక్కర్లేదు.

మొదటిది గోడకుర్చీ. అవును, మాస్టార్లు హోంవర్కు రాయని పిల్లల చేత వేయించిన ఆ గోడకుర్చీయే! వీపు గోడకు ఆనించి, లేని కుర్చీలో కూర్చోవడం. స్కీ క్రీడాకారులకు అది రోజువారీ వ్యాయామం. ఈ మాట చెప్పగానే మాస్టారు పగలబడి నవ్వి, "అయితే నేను ముప్పై ఏళ్లు ఒలింపిక్స్‌కే తయారుచేశానన్నమాట" అన్నారు. 20 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా పెంచవచ్చు. మోకాలు నొప్పి పుడితే అంత కిందికి దిగకూడదు. తర్వాత గుంజీళ్లు, తొందర లేకుండా, మడమలు నేలకు ఆనించి.

రెండోది ఒంటికాలి నిలకడ. కాలికి 30 సెకన్లు. కుదిరాక కళ్లు మూసుకుని, గోడ చేతికి అందేంత దూరంలో. తొక్కుడుబిళ్ల, తాడాట కూడా ఈ కోవలోవే. మన పిల్లలు మరిచిపోయిన ఆ ఆటలకు మించిన ఒంటికాలి సాధన లేదు.

మూడోది వాలడం. అరడుగు ఎత్తు గట్టి పీట మీంచి రెండు కాళ్లతో కిందికి దూకి, మోకాళ్లు వంచి ఆగాలి. మోకాళ్లు లోపలికి కూలకుండా, పాదాల వేళ్ల వైపే చూస్తుండాలి. చప్పుడు వినండి. ధబ్బుమంటే తప్పు. పిల్లి దూకినట్టు ఉంటే ఒప్పు. ఇది వచ్చాక పావు చుట్టు తిరిగి వాలడం, తర్వాత అర చుట్టు. ఫ్రీస్టైల్‌లో గాల్లో తిరగడానికి అక్షరాభ్యాసం ఇదే.

ఇవేవో నా సొంత తెలివి కాదు. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం తయారైన ‘ఫిఫా 11 ప్లస్’ అనే వార్మప్‌లో ఇలాంటి వ్యాయామాలే ఉంటాయి. 20 నిమిషాల పని. వారానికి కనీసం రెండుసార్లు చేసిన జట్లలో గాయాలు తగ్గాయని పరిశోధనల్లో తేలింది.

బోర్డు, పైపు సంగతి

బ్యాలెన్స్ బోర్డు ఉండవచ్చు. కాకపోతే గుండ్రటి పైపు మీద దొర్లే రకం మొదటే వద్దు. రెండున్నర అడుగుల గట్టి ప్లైవుడ్ పలక కింద, సరిగ్గా మధ్యలో, రెండంగుళాల ఎత్తు చెక్క దిమ్మ అడ్డంగా బిగించమంటే వడ్రంగి అరగంటలో చేసిస్తాడు. అటూ ఇటూ ఊగుతుంది, కానీ కింద నుంచి జారిపోదు. నున్నటి టైల్స్ మీద, గ్రానైట్ మీద పెట్టొద్దు. మన ఉక్కపోతకు చెమట చుక్క పడితే ఆ నేల గాజులా జారుతుంది. కింద రబ్బరు షీటు పరచండి. పడేటప్పుడు చెయ్యి నేలకు ఆనిస్తే మణికట్టు విరుగుతుంది కాబట్టి, స్కేటింగ్ పిల్లలు వాడే మణికట్టు పట్టీలు, హెల్మెట్ పెట్టించండి.

జారే పైపును నేలకు మూడంగుళాల ఎత్తు మించనివ్వకండి. ఊగకుండా బిగించాలి, రెండు చివరలకూ మూతలుండాలి. దాని మీద మొదటి వారం జారడం వద్దు, నడవడమే. నేలకు దగ్గరగా ఉన్నంతవరకు తప్పటడుగు పడినా కాలు కిందికి వస్తుంది, తల రాదు.

ఎండ, నిద్ర కూడా సాధనలో భాగమే

డెన్వర్‌కూ బెజవాడకూ వేసవిలో పదకొండున్నర గంటల తేడా. దిగిన మొదటి మూడు నాలుగు రోజులు పిల్లాడు పగలు తూలుతూ, రాత్రి మేలుకుని ఉంటాడు. ఆ రోజుల్లో బోర్డు ఎక్కించొద్దు. చల్లటి చోటు నుంచి వచ్చిన ఒంటికి మన వేడి అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. డాబా కింది గది మధ్యాహ్నం కొలిమిలా ఉంటుంది కాబట్టి పొద్దున్న ఆరు, ఏడు గంటల మధ్య సాధన ముగించాలి. పక్కన మంచినీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ ఉంచండి. తలనొప్పి, వికారం, మాట తడబాటు కనిపిస్తే వెంటనే ఆపించి, చల్లటి చోట పడుకోబెట్టి ఒళ్లు తడపాలి. మాట తడబడినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పడితే ఏం చేయాలి?

తలకిందులుగా పడి, మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్లలో తిమ్మిరి అన్నా లేపి కూర్చోబెట్టకండి. నీళ్లు తాగించకండి. తల, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని 108కి ఫోన్ చేయండి. కంగారులో ఇద్దరు భుజాలు, ఇద్దరు కాళ్లు పట్టుకుని ఆటోలో వేయడం వల్ల మిగిలి ఉన్న వెన్నుపాము కూడా నలిగిపోవచ్చు.

తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, అడిగిందే అడగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి తేవాలి. బాగానే ఉన్నాడనిపించినా ఆ రోజుకు ఆట బంద్. డాక్టరు చెప్పాకే మళ్లీ.

కాలు, చెయ్యి వాస్తే గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టండి. నూనె మర్దనలు వద్దు. ఎక్స్‌రే తీయకముందే బిగించి కట్టే నాటు కట్లు అసలే వద్దు. కట్టు బిగుసుకుని వేళ్లు నల్లబడ్డాక వచ్చిన పిల్లలకు మేము చేయగలిగింది చాలా తక్కువ.

పల్టీలకు చోటెక్కడ?

నాకు రెండు రకాల తల్లిదండ్రులు కనిపిస్తారు. అడిగిందల్లా కొనిపెట్టి, గదిలో వదిలేసి వెళ్లేవాళ్లు ఒకరు. కాలు విరిగితే ఎవరు చూస్తారంటూ ఏ ఆటా ఆడనివ్వనివాళ్లు ఇంకొకరు. నా దృష్టిలో ఇద్దరూ ఆటను అర్థం చేసుకోలేదు. విలువిద్య నేర్పేచోట చిన్నపిల్లల చేతికి మొదటే బాణం ఇవ్వరు, రబ్బరు బ్యాండు లాగిస్తారు. అది ఇంట్లోనూ చేయవచ్చు. బాణం మాత్రం మైదానంలోనే. ప్రతి ఆటలోనూ ఇలా ఇంటి భాగం, మైదానం భాగం వేరుగా ఉంటాయి.

మైదానం భాగం చూడాల్సిన బాధ్యత ఊరిది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది విజయవాడే. బరువులెత్తే వీరుడు దండమూడి రాజగోపాలరావు పేరుతో ఇండోర్ స్టేడియం ఉన్న ఊరు ఇది. గాల్లో తిరిగే ఆటలు నేర్చుకునే పిల్లలకు శిక్షకుడు, సరైన మందం మ్యాట్లు, తగినంత ఎత్తు కప్పు ఉన్న హాలు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉండాలని మనం అడగాలి. పది ఇళ్లలో పది ట్రాంపోలిన్లు కొనే డబ్బుతో అపార్ట్‌మెంటు సంఘాలు పిల్లలను వంతులవారీగా మంచి శిక్షకుడి దగ్గరకు పంపవచ్చు.

మాస్టారి మనవడు జూన్ మొదటి వారంలో వచ్చాడు. ట్రాంపోలిన్ లేదని మొదటి రోజు మూతి ముడిచాడట. వారం తర్వాత వెళ్లి చూస్తే తాతా మనవడూ గోడకు వీపులు ఆనించి ఎదురుబొదురుగా కూర్చుని సెకన్లు లెక్కపెట్టుకుంటున్నారు. మోకాలి నొప్పి ఉన్న తాతగారు కొంచెమే దిగారు, పక్కన కుర్చీ పెట్టుకున్నారు. ఒంటికాలి నిలకడలో మాత్రం ఆయన పది సెకన్లు దాటలేకపోతున్నారు. అది కూడా రోజూ చేయమన్నాను. డెబ్బై దాటినవాళ్లు బాత్‌రూముల్లో పడి తుంటి విరగ్గొట్టుకోకుండా కాపాడేవాటిలో ఈ నిలకడ ముఖ్యమైనది.

ఈ సెలవుల్లో మీ ఇంట్లోనూ ఒక సాధన గది పెట్టాలనుకుంటే, కొనే ముందు టేపు తీసుకుని ఫ్యాను ఎత్తు కొలవండి.